పది సెకన్ల కూత

కంప్యూటరు ఆన్ చేసి, పళ్ళు తోముకుని వచ్చినా తెర ఇంకా నల్లగానే ఉండే రోజులవి. పదో తరగతి నన్ను రెండుసార్లు వెనక్కి పంపాక (చదవలేదు కాబట్టి అని ఇంట్లో అంటారు, అది ఒక పక్షం వాదన) గోపాలపట్నంలో ఒక రిపేరు షాపులో చేరాను. ఏడాది తిరక్కుండానే నాకు తెలియనిది లేదని నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే, బతికున్న ఇద్దరు ముసలివాళ్ళను ఒకే వారంలో చంపేశాను.

మల్కాపురంలో మాకు వరసకు మావ ఒకాయన ఉండేవాడు. ఓడల్లో రేడియో ఆపరేటరుగా చేసి దిగిపోయాక, లైసెన్సు తీసుకుని ఇంట్లోనే రేడియో పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్న ఆరింటికి, ఒకప్పుడు అదే ఓడలో పనిచేసి తూత్తుకుడిలో స్థిరపడిన స్నేహితుడితో టిక్కుటిక్కుమని మోర్సు కోడ్‌లో మాట్లాడేవాడు. అత్త పోయాక ఆయన రోజు మొత్తం మాటలు ఆ అరగంటలోనే అయిపోయేవి. తర్వాత పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. మోర్సు మీట మీద ఎడంచెయ్యి కుదరలేదు. రెండు నెలలు ఇల్లు మూగబోయింది.

నేను పాత కంప్యూటరొకటి పట్టుకెళ్ళి, దాని వెనక సాకెట్టు నుంచి ఒక ట్రాన్సిస్టర్ మీదుగా రేడియోకి వైరు లాగాను. మావ ఎడంచేతి వేలితో అక్షరం నొక్కితే చుక్కలూ గీతలూ కంప్యూటరే కొట్టి పంపేది. ఒక్కటే లోపం. కంప్యూటరు మేలుకునేటప్పుడు ఆ సాకెట్టు దానంతటదే కరెంటు ఇచ్చేది. మీట నొక్కారనుకుని రేడియో పది సెకన్లు ఏకధాటిగా కూసేది. ముందు కంప్యూటరు వేసి తర్వాత రేడియో వెయ్యమని బతిమాలాను. "ఓడలో రేడియో తర్వాతేరా ఏదైనా. కెప్టెనైనా," అన్నాడు.

ఆ కూత నా పనితనానికి అవమానంగా తోచింది. ఒక ఆదివారం, రెండు నిమిషాలు గడిచాకే వైరు కలిసేలా చిన్న సర్క్యూట్ బిగించాను. కూత పోయింది. మర్నాటి నుంచి తూత్తుకుడి కూడా పోయింది. మావ ఎంత పిలిచినా గరగర తప్ప జవాబు లేదు. ఆ స్నేహితుడి ఇంట్లో ఫోనూ లేదు. మూడో రోజుకి మావ టిఫిను మానేశాడు. వారానికి, "పోనాడ్రా ఆడు," అని రేడియో మీద తువ్వాలు కప్పేశాడు. నేను ఓదార్చాను (అంటే, సర్క్యూట్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోందని చెప్పాను).

పదో రోజు తూత్తుకుడి నుంచి, కుటుంబ సభ్యులకు అంటూ ఉత్తరం వచ్చింది. మావ చనిపోయినందుకు రెండు పేజీల సంతాపం. చివర్లో అసలు సంగతి: తనకి ఈమధ్య చెవులు మందగించాయట. వంటగదిలో కాఫీ కలుపుకుంటుంటే స్పీకర్లోంచి వినిపించేది ఆ పొడుగు కూత ఒక్కటేనట. అది వినగానే గ్లాసు దించి, కుర్చీ లాక్కుని, హెడ్‌ఫోన్ పెట్టుకునేవాడట. కూత రాని రోజే అర్థమైపోయిందట.

మావ రెండుసార్లు చదివాడు. "నా సావు గురించి బాగానే రాసేడ్రా. బతికున్నప్పుడు ఒక్క ముక్క మెచ్చుకోలేదు, ఎదవ." కళ్ళు తుడుచుకోవడానికి ఉన్నది ఎడంచెయ్యి, అందులో ఉత్తరం. నాకేసి చూసి, "నువ్వేటి బాగుసేసేవో అది పాడుసేసీ," అన్నాడు.

మర్నాడు ఆరింటికి, చనిపోయినవాడు పది సెకన్లు కూశాడు. తూత్తుకుడి నుంచి జవాబు వచ్చింది. అందులో మొదటి మాటేమిటో మావ నాకు చెప్పలేదు. తిట్టే అయ్యుంటుంది.

ఇప్పుడు ఇద్దరూ నిజంగానే లేరు (ఈసారి నా తప్పేం లేదు). ఆ కంప్యూటరు నా షాపులో ఓ మూల ఉంది. రేడియో లేదు, వైరూ లేదు. అప్పుడప్పుడు ఆన్ చేసి, ఆ పది సెకన్లూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. అన్నీ తెలిసిన ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. మొన్న పక్క షాపు బావ తొంగిచూసి, "ఏటి బావా, హేంగైపోనాదా?" అన్నాడు.

"ఆగు బావా. తూత్తుకుడిలో ఆయన కుర్చీ లాక్కుంటన్నాడు."