మానేసినవాడి లారీ

నా చిన్నతనంలో, మాచర్ల దగ్గర మా ఊళ్ళో, పక్కింటి మామయ్యకు ఒక లారీ ఉండేది. క్వారీ నుంచి రాయి తోలేవాడు. ఒకప్పుడు విపరీతంగా తాగేవాడట. తాగొచ్చి మా అరుగు మీద పడిపోతే మా నాయనమ్మే బిందెడు నీళ్ళు కుమ్మరించి తరిమేసిందట. నాకు ఊహ తెలిసేసరికే ఆయన సారా మానేశాడు. అయినా ఊరు మాత్రం ఆయన్ని తాగుబోతుల్లోనే జమకట్టేది.

నేను ఐదో తరగతిలో ఉండగా, మా బడి పిల్లలకు ఎత్తిపోతల జలపాతం చూపించడానికి మాస్టారు ఆ లారీ మాట్లాడారు. తెల్లారేసరికి మామయ్య లారీ కడిగి, మేం కూర్చోడానికి గడ్డి పరిచి, బడి ముందు నిలబెట్టాడు. తీరా ఎక్కబోయేటప్పుడు ఒకాయన తన కూతుర్ని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ఇలాంటివాళ్ళు మానినట్టే ఉండి ఎప్పుడో మళ్ళీ మొదలెడతారనీ, వాడి చేతిలో పిల్లల్ని పెట్టలేననీ అన్నాడు. మిగతావాళ్ళూ వంతపాడారు. మామయ్య తలొంచుకుని నిలబడ్డాడు.

మా నాయనమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“ఇంకెన్నేళ్ళు మానితే మానినట్టు? అది చెప్పండి ముందు,” అంది. ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. “చెప్పలేరుగా. నా మనవరాలు ఎక్కిద్ది. ఏమే, ఎక్కు.”

నన్ను డ్రైవరు పక్కనే కూర్చోబెట్టింది. భయమేసింది నాకు. తర్వాత మాస్టారు తన కొడుకుని ఎక్కించారు. ఆపైన సగం మంది ఎక్కారు, సగం మంది ఇళ్ళకు పోయారు.

దారిలో ఉండబట్టలేక అడిగేశాను, మళ్ళీ తాగాలనిపించదా మామయ్యా అని. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

“అప్పుడప్పుడు అనిపించిద్దమ్మా. అనిపిస్తే అనిపించనీ. నేను తాగను.”

చీకటి పడకముందే మమ్మల్ని క్షేమంగా తెచ్చి దింపాడు. బతికినన్నాళ్ళూ మళ్ళీ చుక్క ముట్టలేదు.

ఇప్పుడు మా తమ్ముడు మందు మానేసి ఏళ్ళవుతోంది. ఈ జబ్బు జీవితాంతం ఉంటుంది, జాగ్రత్తగా ఉండమని నరసరావుపేటలో డాక్టరు చెప్పాడు. వాడు జాగ్రత్తగానే ఉంటాడు. ఎక్కడైనా సీసా బయటికి తీస్తే లేచి వచ్చేస్తాడు. ఆ జాగ్రత్త జీవితాంతం ఉండనీ, కాదనను. తాగుబోతన్న పేరు మాత్రం జీవితాంతం మొయ్యనివ్వను. మొన్న ఒక పెళ్ళి భోజనాల దగ్గర మా బంధువొకాయన వాణ్ణి చూపించి, తాగుబోతులు మారతారా అని నవ్వాడు. నేను విస్తరి ముందు నుంచి లేచాను. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా కూర్చోనన్నాను. మోకాళ్ళు పీకుతున్నా నిలబడే ఉన్నాను.

తీసుకున్నాడు.