కన్చెర్టోలో కుళాయి

మా పిన్ని పియానోల సుత్తులు బాగుచేస్తుంది. పియానో లోపల తీగల్ని కొట్టడానికి ఉన్ని చుట్టిన చిన్న చిన్న చెక్కసుత్తులుంటాయి. వాడగా వాడగా ఆ ఉన్ని గట్టిపడి చెవిలో మేకు దిగినట్టు మోగుతుంది. అప్పుడు దాన్ని సూదులతో పొడిచి పొడిచి మెత్తబరచాలి. ఎడమచేతి రెండు వేళ్లు వంగవు కాబట్టి పిన్ని సుత్తిని బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించి పొడుస్తుంది. ఆ వేళ్లు విరిచినవాడు ఆమె మొగుడు. వాణ్ణి బాబాయి అనడానికి నాకు నోరు రాదు.

కొట్టడంలోనూ వాడికో పద్ధతి ఉండేది. పిన్ని తన చిన్న కూతురు పాపని లోపలి గదిలో పడుకోబెట్టగానే ముందు కిటికీ ధడాలున మూసేవాడు. తర్వాత కుర్చీని గోడదాకా ఈడ్చి చోటు చేసుకునేవాడు. ఆపైన బెల్టో, చెయ్యో, కాలో, ఏది అందితే అది. అంతా అయ్యాక కాసేపు రొప్పుతూ నిలబడి, కుళాయి తిప్పి చేతులు కడుక్కునేవాడు. ఎంతసేపు కడిగేవాడో! అంత శుభ్రమైన మనిషి గురించి నేను మళ్లీ వినలేదు. పాప లేస్తుందని పిన్ని తువ్వాలు నోట్లో కుక్కుకునేది.

ఒక సాయంత్రం ఆమె వేళ్లు సొరుగులో పెట్టి మోకాలితో బలంగా నెట్టాడు. ఎముకలు విరిగాయి. పక్కనే ఇస్త్రీపెట్టె కాలుతోంది. పిన్ని రెండో చేత్తో దాన్నెత్తి వాడి మొహాన కొట్టింది. వాడి కన్ను పోయింది. నాకు అప్పుడూ జాలి కలగలేదు, ఇప్పుడూ కలగదు.

కోర్టులో వాడు బుద్ధిమంతుడైపోయాడు. వేళ్లు ఆమే నలుపుకుందన్నాడు. గోడకి అవతలి ఇంట్లో పియానో ముందు కూర్చుని సంగీతం రాసుకునే పెద్దమనిషి ఉండేవాడు. ఆయన్ని అడిగితే, "నాకేం వినపడలేదండీ" అన్నాడు. "పాప నిద్రపోయింది, దానికేం తెలుసు" అంది వాడి అక్క. పిన్ని జైలుకెళ్లింది. పాపని ఆ అక్కే పెంచింది, మీ అమ్మ రాక్షసి అని రోజూ నూరిపోస్తూ. పిన్ని బయటికొచ్చి నా దగ్గర చేరాక కూతురి గుమ్మం తొక్కితే ఆ పిల్ల మొహాన తలుపేసింది. పిన్నికి కావలసింది ఒక్కటే, కూతురు తన మాట నమ్మడం. దానికి సాక్షి ఎక్కణ్ణుంచి తేవాలి?

ఏళ్లు గడిచాయి. పక్కింటాయన చాలా గొప్పవాడయ్యాడు. ఆయన కొత్తగా రాసిన కన్చెర్టో, అంటే పియానో ముందు నడుస్తుంటే ఆర్కెస్ట్రా అంతా వెంట నడిచే రచన, పెద్ద హాల్లో వాయించబోతున్నారు. పియానో సిద్ధం చేసే పని పిన్నికొచ్చింది. ఆమె ఆయన్ని గుర్తుపట్టింది. ఆయన ఆమెని గుర్తుపట్టలేదు.

"కింది స్వరాల సుత్తులు బాగా మెత్తగా ఉండాలమ్మా. చప్పుడు గోడ అవతల్నుంచి వచ్చినట్టుండాలి" అన్నాడు.

పని పనే కదా అని పిన్ని చెప్పినట్టే చేసింది. రిహార్సల్లో సూదుల పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. రెండో భాగం మొదట్లో ఎవరో రెండు చెక్కపలకలు ఫట్టుమని కొట్టారు. పెద్ద వయొలిన్లు బరువుగా గీసుకుంటూ సాగాయి. తర్వాత పియానో కింది స్వరాల మీటల మీద దెబ్బలు మొదలయ్యాయి. ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో పిన్ని ఒళ్లే చెప్పింది. తన చేత్తో మెత్తబరచిన సుత్తులే తనని మళ్లీ కొడుతున్నాయి.

అందరూ వెళ్లాక ఆమె వేదికెక్కింది. ఆయన పియానో మీటల మీద వేళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇది దేన్ని తలుచుకుని రాశారండీ?"

"సముద్రం మీద తుఫానమ్మా. అదే నాకు ప్రేరణ."

"మరి ఆ చివర్లో చేతులు కడుక్కున్నదెవరు? సముద్రమా?"

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. పిన్ని పియానో మూత ధడేలున వేసింది. ఆయన వేళ్లు లాక్కున్నాడు గానీ చిటికెన వేలు చితికింది. పదీ చితకాల్సింది.

"ఆ మనిషంటే భయమేసిందమ్మా" అన్నాడు వేలు పట్టుకుని. "రాయకుండా మాత్రం ఉండలేకపోయాను."

"తలుపు తట్టకుండా ఉండగలిగారుగా. కనీసం మా అమ్మాయికి చెప్పండి, విన్నానని."

"నా పరువు పోతుందమ్మా" అని ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఇంటికొచ్చి పిన్ని ఇదంతా చెబితే నా కడుపు మండిపోయింది. పిన్ని కూతురు, అదే నా చెల్లెలి దగ్గరికెళ్లి, "ఒక్క సాయంత్రం నాతో కచేరీకి రా. తర్వాత మీ అమ్మ ఊసెత్తితే నన్ను చెప్పుతో కొట్టు" అన్నాను. ఏం కచేరీయో, ఎవరిదో చెప్పలేదు. విసుక్కుంటూనే వచ్చింది. హాల్లో పంచిన కాగితంలో తుఫాను గురించే ఉంది. పిన్ని పక్క తలుపు దగ్గర నిలబడింది.

రెండో భాగం మొదలైంది. చెక్కలు ఫట్టుమనగానే చెల్లెలు ఉలిక్కిపడింది. పెద్ద వయొలిన్లు సాగేసరికి కాళ్లు కుర్చీ మీదికి లాక్కుంది. దెబ్బలు పడుతుంటే రెండు చెవులూ మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగింది. అంతా ఆగింది. అయిపోయిందనుకుని ఎవరో దగ్గారు.

"అవలేదు" అంది చెల్లెలు, చిన్నపిల్ల గొంతుతో. "ఇప్పుడు కుళాయి తిప్పుతాడు."

సన్న వయొలిన్లు ధారగా మొదలయ్యాయి.

చెల్లెలు లేచి జనం కాళ్లు తొక్కుకుంటూ పక్క తలుపు దగ్గరికి పరిగెత్తింది. నేనూ వెనకే వెళ్లాను. వాళ్లమ్మ విరిగిన వేళ్లు రెండు చేతుల్లోకి తీసుకుని ఏడుస్తోంది.

"అమ్మా, నేను నిద్రపోలేదే."