శామీర్‌పేట కట్ట మీద మా కెనడా

"స్వెట్టర్ తీసేస్త."

"తీయకు."

"ఎండకాలంల స్వెట్టర్ ఏందే? ఈపు మీద కాలువ పారుతాంది."

"పైసలు వెట్టి కొన్నం. తొడగకుంట పెట్టెల వెడితే పురుగు కొడ్తది. తొడుక్కో."

"కెనడాల తొడుక్కుంట అన్న. గిది శామీర్‌పేట."

"జర మెల్లగ మాట్లాడు. ఎవరన్న ఇంటే మన ఇజ్జత్ ఏమైతది?"

"ఇజ్జతా? మంకీ టోపీలు ఏసుకొని చెరువు కట్ట మీద కూసున్నం. పొయ్యేటోడు, వచ్చేటోడు మనల్నే జూస్తుండు. ఇంకా యాడిది ఇజ్జత్?"

ఇది మా ఆయనకూ నాకూ మా కెనడా యాత్రలో ఒక ఉదయం జరిగిన గొడవ. కెనడా వెళ్లినవాళ్లకు శామీర్‌పేట చెరువు దగ్గర ఏం పని అని మీరు అడుగుతారు. అడగండి. ఈ మధ్య మా చుట్టాలందరూ అదే అడుగుతున్నారు. పరువు పోగొట్టుకోవడం చేతకానివాళ్లు ఎవరైనా ఉంటే ఇది శ్రద్ధగా చదవండి. నేను ఒక్క వేసవిలో, విమానం మెట్టు కూడా ఎక్కకుండా, ఉన్న పరువంతా ఊడ్చిపెట్టినట్టు పోగొట్టుకున్నాను.

నేను నాలుగో తరగతితో బడి మానేసిన మనిషిని. నాకు తెలిసిన భూగోళమంతా మేడ్చల్‌లో మా వంటింటి గోడ మీదే ఉంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఎరువుల దుకాణం వాళ్లు ఒక క్యాలెండర్ ఇచ్చారు. తేదీల కాగితాలు ఎప్పుడో చిరిగి పొయ్యిలోకి పోయాయి. బొమ్మ మిగిలింది. నీలం రంగు నీళ్లు, వెనక మంచుకొండ, ఒడ్డున ఎర్ర పడవ. పడవలో ఎవరూ లేరు. ఎండాకాలం కట్టెల పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తూ, పొగకు కళ్లు తుడుచుకుంటూ, ఆ పడవ వైపు చూసేదాన్ని. మనసులోనే దిగి ఆ నీళ్లలో చెయ్యి పెట్టేదాన్ని. ఇక్కడ రొట్టె మాడేది. మా అత్త గొంతు మంచుకొండ దాకా వినిపించేది.

అది ఏ ఊరని నేను ఎవరినీ అడగలేదు. అడిగితే, పని మానేసి బొమ్మలు చూస్తున్నావా అంటారు. ఇన్నేళ్ల తర్వాత మా మనవరాలు శ్రావణి ఒకరోజు తన ఫోను ఆ బొమ్మకు చూపించి, "అవ్వా, గిది కెనడాల ఉన్నది" అంది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ నీళ్లకు ఒక చిరునామా ఉంటుందనీ, బస్సో విమానమో ఎక్కితే అక్కడికి చేరవచ్చనీ నాకెప్పుడూ తోచలేదు.

మా ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రోడ్డు వెడల్పులో మా చేను కొంత పోయి, చేతికి నాలుగు డబ్బులు వచ్చిన రోజులవి. అన్నం కలుపుకుంటూ, "పోదమా?" అన్నాడు, మేడ్చల్ అంగడికి పోదామా అన్నట్టు.

"యాడికి?"

"గా పడవ దగ్గరికి. మోకాళ్లు నడవనిచ్చినప్పుడే పోవాలె. గవి మొండికేస్తే మళ్ల నీకు క్యాలెండరే దిక్కు."

నేను కసురుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి శ్రావణిని పిలిచి, పాసుపోర్టుకు ఫొటో ఎక్కడ దిగాలని అడిగాను.

పాసుపోర్టులు వచ్చాయి. వీసాలు కూడా వచ్చాయి. శ్రావణి స్వెట్టర్లు, మంకీ టోపీలు కొనిపించింది. ఇక మిగిలింది ఒక్కటే: కొంపల్లిలో ఉన్న యాత్రల ఆఫీసుకు పోయి సొమ్ము కట్టడం. ఇప్పుడు మీరు నడుము బిగించుకోండి. నా తెలివి అంతా ఇక్కడే బయటపడుతుంది.

బేరంలో నాకు పెద్ద పేరు. పెళ్లి బట్టలు కొనడానికి ఇరుగుపొరుగు వాళ్లు నన్ను బండి ఎక్కించుకుని తీసుకుపోతారు. నా పద్ధతి చాలా తేలిక. ధర అడగాలి. గుండె పట్టుకోవాలి. లేచి నడవాలి. వెనక్కి చూడకూడదు. కాస్త దూరం పోయాక చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఆగాలి. వెనక నుంచి పిలుపు వస్తుంది. తోటకూర నుంచి పాడిబర్రె దాకా ఈ పద్ధతిలో నేను కొనని వస్తువు లేదు.

ఆఫీసులో కూర్చున్నది కోస్తా వైపు పిల్ల. మంచి మర్యాద. "అమ్మగారూ, ఈ ధరకి కొన్ని సీట్లే ఉన్నాయండి. ఇవాళే కట్టేస్తే మీకే మంచిది" అంది.

నాకు లోపల నవ్వొచ్చింది. ఆఖరి కట్ట అని చెప్పని ఆకుకూరలమ్మను నేను పుట్టి ఎరగను.

"తగ్గియ్యి బిడ్డా. ఇద్దరం వస్తున్నం."

"తగ్గదండి."

"ముసలోళ్లం, తినేది గింతంత. గా తిండి పైసలన్న తీసెయ్."

"అలా తీయడం కుదరదండి, అమ్మగారూ."

నేను గుండె పట్టుకున్నాను. లేచాను. మా ఆయన పాపం కుర్చీలోనే ఉన్నాడు. చెయ్యి పట్టి లేపాను.

"కట్టేద్దమే," అన్నాడు మెల్లగా.

"ఎనకకు జూడకు. జూసినవంటే ధర దిగది."

తలుపు దాటాం. మెట్ల మీద చెప్పు సరిచేసుకున్నాను. పిలుపు రాలేదు. కింద రెండో చెప్పు కూడా సరిచేసుకున్నాను. రాలేదు. బస్టాపు దాకా నేను చెప్పులు సరిచేసుకున్నన్ని సార్లు ఈ భూమ్మీద ఎవరూ సరిచేసుకుని ఉండరు.

"రేపు ఫోన్ జేస్తది," అన్నాను బస్సులో. "అంగడి మూసే యాళ్లకు ధర దిగాలె. దిగక యాడికి పోతది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఫోను కోసం నేను ఎదురుచూస్తుండగానే విందులు మొదలయ్యాయి. మా వైపు ఎవరైనా కాశీకి పోతుంటే చుట్టాలు పిలిచి అన్నం పెట్టి, బొట్టు పెట్టి సాగనంపుతారు. కెనడా కాశీ కంటే దూరం కాబట్టి కూరలు కూడా ఎక్కువ. నాగారంలో తిన్నాం, కౌకూర్‌లో తిన్నాం. మా ఇంట్లో పొయ్యి వెలగడం లేదని, గ్యాసు ఆదా అవుతోందని నేను మురిసిపోయాను. అందరికంటే ఎక్కువ చేసింది రావల్‌కోల్‌లో ఉండే అనసూయ. మా మరిది భార్య, నాకు యారాలు. నాటుకోడి కూర వండి, నాకు చీర పెట్టి, మా ఇద్దరి కాళ్లు మొక్కి ఏడ్చింది.

"అక్కా, సముద్రాల మీంచెళ్లి పోతున్నవు. పైలం."

"ఏడుస్తవేందే, తిరిగి రామా?" అని కసిరాను. చీర మాత్రం మంచిది.

ఫోను రాలేదు. ప్రయాణం దగ్గర పడింది. చివరికి నేనే దిగివచ్చి, అడిగినంతా సంచిలో పెట్టుకుని కొంపల్లికి పోయాను.

"అయ్యో, అమ్మగారూ," అంది ఆ పిల్ల. "మీరు వెళ్లిన సాయంత్రమే సీట్లన్నీ అయిపోయాయండి. మీ నంబరు కూడా ఇచ్చి వెళ్లలేదు."

నిజమే. నంబరు ఇస్తే మనకు అవసరం ఉందని తెలిసిపోతుందని ఇవ్వలేదు.

ఇంటికి వచ్చాక మా ఆయన నన్ను తిట్టినా బాగుండేది. వంటింట్లోకి పోయి క్యాలెండర్ ముందు కాసేపు నిలబడి, మంచినీళ్లు తాగి వచ్చాడు. నేను అటు పోలేకపోయాను.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు, అవ్వా," అంది శ్రావణి. "నవ్వుతరు, మరిచిపోతరు."

"గన్ని కూరలు తిని? చీర వెట్టించుకొని? బేరం జేసి పోగొట్టుకున్న అని నేను, నా నోటితోని చెప్పాల్నా?"

చెప్పలేదు. అనుకున్న రోజున పెట్టెలు సర్దుకుని, వాకిట్లో చుట్టాలందరి చేతా బొట్టు పెట్టించుకుని, కారెక్కాం. రింగు రోడ్డు మీద విమానాశ్రయం వైపు తిరగవలసిన కారును శ్రావణి శామీర్‌పేట వైపు తిప్పింది. అక్కడ మా తమ్ముడి పాత ద్రాక్షతోటలో ఒక గది ఖాళీగా ఉంది. ద్రాక్ష పోయింది, ప్లాట్ల రాళ్లు మొలిచాయి, గది మాత్రం ఉంది. యాత్ర ముగిసే దాకా అక్కడ దాక్కుని, తర్వాత కాస్త చిక్కిన ముఖాలతో ఇంటికి పోవాలని నా పథకం.

మూడో రోజు అనసూయ ఫోను చేసింది.

"అక్కా, సలి ఎట్లున్నది?"

"మస్తున్నది," అన్నాను, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

"గా అరుపేందక్కా? నెమలి లెక్కున్నది."

"గీడ గూడ ఉంటయే నెమళ్లు. పెద్ద దేశం."

"అక్కడ గిప్పుడు నడిజామంట గద. శ్రావణి చెప్పింది. ఇంకా పండుకోలేదా?"

ఎదురుగా సూర్యుడు నా కళ్లలోకి సూటిగా చూస్తున్నాడు. "కొత్త జాగ. నిద్ర వస్తలేదు," అని పెట్టేశాను. అబద్ధమాడినవాళ్లను జీవితమంతా వాకిట్లో నిలబెట్టి కడిగిపారేసిన మనిషిని నేను. మా ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని పోయి చూస్తే, నవ్వు ఆపుకుంటున్నాడు.

రోజూ పొద్దున్నే చెరువు కట్ట మీదికి పోయేవాళ్లం. ముఖం కనబడకుండా మంకీ టోపీలు. టోపీ పెట్టుకున్నాక స్వెట్టర్‌ను మాత్రం ఎందుకు వృథా చేయాలని అదీ. మొదట చెప్పిన గొడవ జరిగింది అలాంటి ఒక ఉదయమే. గొడవ అయ్యాక ఇద్దరం నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాం. చెరువు మీద సన్నగా గాలి. అవతలి గట్టు మసకగా ఉంది. కళ్లు సగం మూస్తే అక్కడ కొండ ఉందనుకోవచ్చు.

"గిది గూడ మంచిగనే ఉన్నది," అన్నాడాయన.

"మరి మంచు ఏది?"

"పొయ్యి కాడ నువ్వు గా పడవ దిక్కు జూసుడు నేను జూసేటోణ్ణి," అన్నాడు. "సున్నం ఏసినప్పుడల్ల గా క్యాలెండర్ తియ్యకుంట సుట్టూత ఏసింది అందుకే."

ఆ బొమ్మ వెనక గోడ ఇప్పటికీ పాత రంగులోనే ఎందుకుందో అప్పుడు తెలిసింది. బద్ధకం అని ఇన్నేళ్లూ తిట్టాను. టోపీ ఉన్నందుకు నా ముఖం ఆయనకు కనబడలేదు.

సరిగ్గా అప్పుడే కట్ట మైసమ్మ గుడి ముందు ఆటో ఆగింది. దిగింది ఎవరనుకున్నారు? అనసూయ. ఒక చేతిలో కోడి, ఇంకో చేతిలో పూల సంచి. మేం టోపీలు కిందికి లాక్కుని, నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాం. కదలకుండా ఉంటే పోయేదే. కానీ ఆమె మా పక్కనే ఉన్న కొబ్బరికాయల బండి దగ్గర ఆగింది. బండివాడు ధర చెప్పాడు. అనసూయ మారుమాట లేకుండా డబ్బు తీసింది.

నేను పళ్లు బిగించాను. స్వెట్టర్ చేతులు బిగించాను. దేవుడా, ఎంత బిగించినా నోరు వినలేదు.

"గా కాయకు గంతనా? ఊపి జూడు, నీళ్లే లెవ్వు."

బండివాడు నన్ను చూశాడు. కోడి నన్ను చూసింది. అనసూయ మెల్లగా వంగి టోపీలోకి చూసింది.

"అక్కా?"

నేను టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నాను.

"బావా?"

మా ఆయన టోపీ తీసేసి హాయిగా గాలి పీల్చుకున్నాడు.

అనసూయ గుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది, కోడితో సహా. "మా అక్కను, బావను సల్లగ తిరిగి తీసుకరమ్మని మొక్కుదామని వచ్చిన తల్లీ. కాయ కొట్టకముందే తెచ్చి నిలవెడ్తివి."

ఇక దాచడానికేముంది? అంతా చెప్పాను. ఆమె కట్ట మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు తగ్గాక, "అడిగినంత ఇచ్చేస్తే అయిపోతుండె గదక్కా" అంది.

"గా నీళ్లల్ల ఒక్కపారి చెయ్యి వెట్టి జూడాలని ఉండె, అనసూయా," అన్నాను. ఆ మాట అంతవరకూ ఎవరితోనూ అనలేదు.

ఆమె నవ్వు ఆగిపోయింది. నా స్వెట్టర్ చెయ్యి పట్టుకుని గుడిలోకి తీసుకుపోయింది. అక్కడ నేను గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను: ఆకాశంలో ఎగిరే దేనికీ ఈ జన్మలో బేరం ఆడను, టికెట్టు చేతికి రాకముందు ఎవరింట్లోనూ ముద్ద ముట్టను, చెప్పు నిజంగా తెగితే తప్ప వంగి సరిచేసుకోను. నేల మీద దొరికే కొబ్బరికాయలకూ కూరగాయలకూ ఈ ఒట్టు వర్తించదని అమ్మవారికి విడిగా మనవి చేసుకున్నాను. మేం తిరిగి వచ్చినట్టే కాబట్టి మొక్కు తీరినట్టేనని అనసూయ తేల్చింది. కోడి రావల్‌కోల్‌లో కూర అయింది.

మర్నాడు ఉదయం రావల్‌కోల్ నుంచి నేరుగా కొంపల్లి పోయాం, స్వెట్టర్ల సంచితో సహా. ఆఫీసు తాళం తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాం. వచ్చే వేసవి యాత్రకు ఆ పిల్ల ధర చెప్పింది. పోయినసారి కంటే ఎక్కువే. మా ఆయన నా వైపు చూశాడు. నేను కొంగు చివర నోట్లో కుక్కుకుని తల ఊపాను. ఆయన నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరముందేమో చూశాడు. సొమ్ము కట్టాం. నంబరు కూడా ఇచ్చాం. మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది.

"అమ్మగారూ, అమ్మగారూ, ఒక్క నిమిషం ఆగండి."

నా కాళ్లు ఆగిపోయాయి. ఇన్నాళ్లకు పిలిచింది.

"మీ స్వెట్టర్ల సంచి మర్చిపోయారండి."

సంచి తీసుకుని బస్సెక్కాం. మేడ్చల్ వచ్చేదాకా ఆయన దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.