అక్క కోసం వంగిన కారు

నిన్న ఆదోని మార్కెట్ యార్డు ముందు ఆటో కోసం నిలబడి ఉంటే, ఒక పెద్ద కారు స్పీడ్ బ్రేకర్ మీదికి తొందరగా ఎక్కి, కడుపు గీసుకుంటూ దిగింది. పత్తి బండ్ల దగ్గరున్న వాళ్ళు గట్టిగా నవ్వారు. నాకు మాత్రం పళ్ళు జివ్వుమన్నాయి. ఆ గరగర శబ్దం ఒకప్పుడు మా బావకు నిద్ర లేకుండా చేసింది.

మా అక్కది ఎమ్మిగనూరు. బావ మగ్గాల వాళ్ళకు నూలు ఇచ్చి చీరలు తీసుకునే వ్యాపారం చేస్తాడు. మూడేళ్ళ కిందట అక్కకు పక్షవాతం వచ్చింది. మెల్లగా మాట తిరిగి వచ్చింది, చెయ్యి కూడా స్వాధీనంలోకి వచ్చింది, కుడికాలు మాత్రం నేల వదిలి పైకి లేవనని మొండికేసింది. చేతికర్ర పట్టుకుని ఇంట్లో ఈడ్చుకుంటూ తిరుగుతుంది గానీ మెట్టు కనిపిస్తే ఆగిపోతుంది. చిన్న కారులో కూర్చుంటే మళ్ళీ లేవలేదు, జీపు ఎక్కలేదు. ఆస్పత్రికి పోయిన ప్రతిసారీ ఇద్దరు మగాళ్ళు ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళు. ఒకసారి అట్లా ఎత్తేటప్పుడు నడివీధిలో చీర చెదిరింది. ఆ రోజు ఇంటికి వచ్చి నాతో అంది: "నన్ను పత్తి బేలు మాదిరి ఎత్తి పడేసేది ఇంక సాలబ్బీ. సచ్చినా గడప దాటను." అన్న మాట నిలబెట్టుకోవడంలో మా అక్కకు సాటి లేదు. డాక్టరే ఇంటికి రావలసి వచ్చింది.

అప్పుడు బావ బెంగళూరు పోయి ఒక పాత విదేశీ కారు కొనుక్కొచ్చాడు. ఏనుగంత కారు. దానికి మామూలు స్ప్రింగులు లేవు, వాటి చోట రబ్బరు గాలితిత్తులు ఉన్నాయి. బటన్ నొక్కితే కంప్రెసర్ గాలి పంపుతుంది, కారు లేస్తుంది. ఇంకో బటన్ నొక్కితే ఉస్సుమని గాలి వదిలి కిందికి దిగుతుంది. వీధివాళ్ళంతా చూడటానికి వచ్చారు. బావ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ లేపి దించి చూపించాడు. ఎదురింటి ముసలాయన "గడ్డి తింటాదా?" అని అడిగాడు. తీరా అక్కను తీసుకొచ్చి నిలబెడితే, కారు ఎంత దిగినా సీటు ఆమెకు ఇంకా నాలుగు వేళ్ళు ఎత్తుగానే ఉంది. అక్క కాలు ఎత్తి ఎక్కబోయి, ఎక్కలేక ఇంట్లోకి వెళ్ళిపోయింది. దించడం అట్లా ఏడిస్తే, లేపడమూ చాలలేదు. మద్దికెర దగ్గర వాళ్ళ కూతురు ఊరికి పోయే దారిలో రాళ్ళ వంక, అంటే చిన్న వాగు, ఒకటి ఉంది. ఎంత పైకి లేపినా అక్కడ కడుపు గీసుకునేది.

ఆదోనిలో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ఇట్లా గాలితిత్తుల మీద నడిచే బస్సులన్నీ తన చేతి కిందనే బాగుపడ్డాయని చెప్పుకునేవాడు. ఆయన కారు కిందికి దూరి చూసి సంగతి చెప్పాడు. ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్ ఉంటుంది, దానికొక చిన్న చెయ్యి. కారు ఎంత ఎత్తులో ఉందో ఆ చెయ్యే కంప్యూటర్‌కు చెబుతుంది. ఆ చేతిని కాస్త పొడుగు చేస్తే అది తక్కువ కదులుతుంది, దాంతో కారు మోసపోయి, ముందుకంటే ఎక్కువ లేస్తుంది, ముందుకంటే ఎక్కువ దిగుతుంది.

"లేపేది పెద్ద పని కాదు సార్. తిత్తి సాగి పగిలిందనుకోండి, కారు ఆడనే కూలబడతాది. లోపల అమ్మ ఉంటాది. నా భయమంతా దానికే," అన్నాడు.

"ఆమె కాలు లేయదప్పా. కారే దిగాల," అన్నాడు బావ.

మెకానిక్ ఆ చేతులు విప్పి పొడుగు చేశాడు. మొదటిసారి బిగించి బటన్ నొక్కితే కారు వెనకపక్క మాత్రమే లేచి, తోక ఎత్తిన తేలులా నిలబడింది. బస్సుల కథలు ఆ రోజు వినిపించలేదు. మళ్ళీ విప్పి, అన్ని పక్కలా కొలత సరిచేసి, తిత్తి, షాక్ అబ్జార్బర్ ఎంతవరకు సాగుతాయో చూసి, అంతకు లోపలే ఆపాడు. ఎత్తులో ఉన్నప్పుడు మెల్లగా పోవాలని బావ చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఇంతలో మనవరాలికి పేరు పెట్టే రోజు వచ్చింది. అమ్మ రాకపోతే పాపకు పేరే వద్దని కూతురు ఫోనులో ఏడ్చింది. ఆ పొద్దున బావ కారు దించాడు. అక్క సీటు మీద కూర్చుని, ఎడమకాలు లోపల పెట్టి, కుడికాలిని చేత్తో పట్టి లోపలికి లాక్కుంది. తలుపు తనే వేసుకుంది. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

వంక దగ్గర బావ బటన్ నొక్కాడు. కారు సగం లేచి ఆగిపోయింది, ఎదురుగా పసుపు లైటు వెలిగింది. బావ మళ్ళీ మళ్ళీ నొక్కి చూశాడు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "కంప్రెసర్ వేడెక్కినట్లుంది సార్, కాసేపు ఊరుకోండి, దానంతటదే లేస్తాది," అన్నాడు.

"అది ఊరుకోనీ. నన్ను దిగనీండి," అంది అక్క.

గాలి వదిలేందుకు కంప్రెసర్‌తో పని లేదు. కారు నేలకు వంగింది. అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, వేరుశనగ చేను గట్టున చేతికర్ర ఆనించి నిలబడింది. గాలికి కొంగు ఎగురుతుంటే అట్లాగే వదిలేసింది. కలుపు తీస్తున్న ఆమె తలెత్తి, "యాడికక్కా?" అని అడిగింది.

"మనవరాలికి పేరు పెట్టేదానికి పోతాండా," అంది అక్క. నేను ఆ గొంతు విని చాలా కాలమైంది.

కారు చల్లబడ్డాక అక్క ఎక్కింది, కారు పూర్తిగా లేచింది. బావ రాయి రాయికీ దేవుణ్ణి తలుచుకుంటూ దాటించాడు. చిన్న గీత కూడా పడలేదు. అవతలి గట్టున కారు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని, "గీసుకోలేదు కదా?" అని రెండుసార్లు అడిగాడు.

"ఏమీ గీసుకోలేదు. పోనీండి, మనం పోయేసరికి పాప లేస్తాది," అంది అక్క.

అల్లుడి ఇంటి ముందు నలుగురు మగాళ్ళు ఆమెను ఎత్తడానికి సిద్ధంగా నిలబడ్డారు. కారు ఉస్సుమంటూ దిగితే వాళ్ళు బెదిరి వెనక్కి జరిగారు. అక్క దిగింది, చీర సర్దుకుంది, "జరగండప్పా" అని లోపలికి నడిచింది. పాపను ఒడిలో పెట్టినప్పుడు బావ గుంజకు ఆనుకుని కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

అక్క గడప దాటకుండా ఇంట్లో కూర్చున్న రోజుల్లో వారాలూ నెలలూ అందరం లెక్క పెట్టేవాళ్ళం. ఇప్పుడు పాపకు ఎన్నో నెల అని ఎవరైనా అడిగితే, చప్పున గుర్తురాక వేళ్ళు మడవాల్సి వస్తోంది. కాలం మనతో కలిసి నడిచేటప్పుడు దాని అడుగులు ఎవరికీ వినిపించవేమో.