నిండు చాయ్

డబుల్ డెక్కర్ బస్సులు తిరిగే రోజులు. నయాపూల్ స్టాపు పక్క హోటల్లో నేనూ మా బాపూ చాయ్ తాగుతున్నాం. బాపుకు వణుకుడు జబ్బు. ఒలుకుతుందని ఎప్పుడూ సగం కప్పే పోయమనేవాడు. ఆ రోజు అది కూడా సాసరులోకి వంచబోయి కొంత చొక్కా మీద పోసుకున్నాడు. అందరూ చూశారని నాకు సిగ్గేసింది. ఇప్పుడు ఆ సిగ్గుకే సిగ్గుపడతాను.

ఎదురుగా కూర్చున్న ముసలాయన తన మణికట్టుకున్న గుడ్డపట్టీ విప్పాడు. దర్జీ అట. ఆయన చెయ్యీ వణుకుతోంది.

"బుర్ఖా గాలికి లేవకుండ అంచుల సీసం గుండ్లు కుడ్తం గద భాయ్. గవే గీ పట్టీల పెట్టి కుట్టిన. బరువుకు చెయ్యి జర ఆగుతది" అంటూ బాపు చేతికి కట్టాడు.

వణుకు పోలేదు. కానీ మిగిలిన చాయ్ సాసరులో ఒలకకుండా బాపు పెదవుల దాకా వెళ్లింది.

అంతలో ఆయన బస్సు వచ్చింది. బాపు పట్టీ విప్పబోయాడు.

"ఉండనీ. నేను ఇంకోటి కుట్టుకుంట."

"గీ చేతులతోని సూదిల దారం ఎట్ల ఎక్కిస్తవు భాయ్?"

"మా ఆమె ఎక్కిస్తది" అని నవ్వుతూ బస్సెక్కాడు.

బస్సు కదిలాక బాపు హోటలాయన్ని పిలిచాడు.

"ఇంకో చాయ్ తే భాయ్. ఈసారి నిండుగ పొయ్యి."