ఆయిల్ తుడిచే గుడ్డ

నిన్న మెకానిక్ మా కారు బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే సన్నటి ఇనప పుల్లని బయటికి లాగి, తన ప్యాంటుకే తుడిచాడు. ఆ కమురు వాసనకి జంషెడ్‌పూర్‌లో, కద్మా పేటలోని ఇంటి ముందు నిలిపి ఉండే మా పాత కారు గుర్తొచ్చింది.

ప్రతి ఆదివారం పొద్దున్నే నాన్న ఇంజన్ ఆయిల్ చూసేవాడు. పుల్లని ఒకసారి శుభ్రంగా తుడిచి, మళ్ళీ ముంచి తీస్తేనే ఆయిల్ ఎంతుందో సరిగ్గా తెలుస్తుంది. తుడిచే గుడ్డ పట్టుకుని పక్కన నిలబడటం నా పని. ఆ గుడ్డలన్నీ అమ్మ పాత చీరలవే. “నాకన్నా మీ కారే ఎక్కువ చీరలు కడతంది,” అనేది అమ్మ.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. నెల తిరిగాక ఒక ఆదివారం నాన్న మళ్ళీ బానెట్ ఎత్తాడు. నేను పరిగెత్తుకెళ్ళి గుడ్డల సంచిలోంచి అమ్మ ఆకుపచ్చ వాయిలు చీర ముక్క తెచ్చాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, మడతపెట్టి తిరిగి ఇచ్చేశాడు. పుల్లని తన బనీనుకి తుడిచాడు.

“ఏటి నాన్నా, గుడ్డ తెచ్చేను కదా. బనీను పాడైపోతాది.”

“పోనీలే. అది లోపలెట్టెయ్ అమ్మా.”

తరవాతి వారం ఇంకో ముక్క తెచ్చాను. అదీ వద్దన్నాడు. నేను సరిగ్గా చెయ్యడం లేదని, అందుకే నా పని తీసేశాడని అనుకున్నాను. అలిగి, ఆదివారాలు బయటికి వెళ్ళడం మానేశాను. ఆయనా పిలవలేదు.

అమ్మ పోయాక ఆ చీరలకి నలుపు అంటించడం ఆయన వల్ల కాలేదు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, ఏ పాత తువ్వాలో తెచ్చి ఆయన పక్కన నిలబడేదాన్ని.