కార్డులో బతికిన తమ్ముడు

షెహాతా నలభై రోజుల పిల్లవాడిగా ఉన్నప్పుడు విరేచనాలు పట్టి పోయాడు. తండ్రి అత్వా బిడ్డను పూడ్చి వచ్చాడు గాని, ఆ చావును ఆఫీసులో రాయించలేదు. రేషన్ కార్డులో ఒక పేరు తగ్గితే ఇంట్లోకి వచ్చే చక్కెర, నూనె, కిరసనాయిలు తగ్గుతాయి. వాళ్ల రేవు ఊరు ఎజ్బెత్ అల్ బుర్జ్‌లో అందరూ చేసే పనే అది. అప్పటికి పెద్దవాడు మహ్రూస్‌కు మూడేళ్లు. అన్యాయం జరిగింది వాడికేనని అప్పుడెవరికీ తెలియదు.

నైలు సముద్రంలో కలిసే ఆ రేవులో అత్వాది పడవ పలకల సందుల్లో తారు నార కూరే పని. మహ్రూస్ పదేళ్లకే సుత్తి పట్టాడు. దెబ్బ చప్పుడు విని సందు నిండిందో లేదో చెప్పేసేవాడు. చేపలు చుట్టి తెచ్చిన పత్రికనైనా చివరిదాకా చదివిగాని పారేసేవాడు కాదు.

ఇరవయ్యో ఏట సర్కారు పిలుపు వచ్చింది. ఒక్కడే కొడుకైతే తీసుకోరు. తల్లి నబవియ్యా ఆ ధీమాతోనే ఉంది. అత్వా ఒక్కడే ఆఫీసుకు వెళ్లాడు.

"ఒక్కడేమిటయ్యా? షెహాతా ఉన్నాడుగా," అన్నాడు గుమాస్తా కాగితం తిప్పుతూ.

అప్పుడు నోరు విప్పితే సరిపోయేది. పదిహేడేళ్లు తిన్న చక్కెర గొంతుకు అడ్డం పడింది. ఇంటికొచ్చి, "రూలు మార్చారట, అందర్నీ తీసుకుంటున్నారు," అన్నాడు.

మహ్రూస్‌ను నౌకాదళంలో వేశారు. మరుసటి ఏడాది యుద్ధం వచ్చింది. వాడున్న గస్తీ ఓడ పోర్ట్ సయీద్ నుంచి వెళ్లి మళ్లీ రాలేదు. 'కనిపించుట లేదు' అని ఉత్తరం వచ్చింది. శవం లేదు గనక నబవియ్యా నల్లబట్ట కట్టలేదు, పరామర్శకు వచ్చినవాళ్లను గడప దాటనివ్వలేదు.

కొన్ని నెలలకు అత్వాకు ఆఫీసు నుంచి కబురొచ్చింది. అదే గుమాస్తా ముద్ర వేసిన కాగితం అందించాడు.

"ఇది నీ చిన్నవాడికి. అన్న యుద్ధంలో పోయాడు గనక ఇక వీణ్ణి పిలవరు. జాగ్రత్తగా దాచుకో."

"వాడు లేడు బాబూ."

"ఊళ్లో లేడా?"

"నలభై రోజులప్పుడే పోయాడు. నేనే పూడ్చాను."

గుమాస్తా కలం కింద పెట్టాడు. "మరి ఆ రోజు చెప్పలేదేం?"

"జైల్లో వేస్తారని."

"ఈ ఊళ్లో ఏ కార్డు తీసినా ఒక చచ్చినవాడు ఉంటాడయ్యా. ఎవణ్ణి వేశాం? నాలుగు తిట్టి ఆ పేరు కొట్టేసేవాణ్ణి."

అత్వా కాగితం మడిచి జేబులో పెట్టుకుని రేవు దాకా నడిచాడు. అవతలి చివర ఎవరి పడవకో నార కూరుతున్నారు. అతను ఆగలేదు. సెలవు మీద వచ్చి రెండు రోజులుండి మహ్రూస్ వెళ్లిపోయిన ఆఖరి రోజు మనసులో మెదిలింది. ఆ రోజు ఎలాగైనా చెప్పాలనే రేవు మెట్ల దాకా వెంట వెళ్లాడు. "మహ్రూస్, ఆ కాగితం సంగతి..." అన్నాడు.

మహ్రూస్ మూట భుజాన వేసుకున్నాడు.

"తెలుసులే నాన్నా. ఓడలో మా అధికారి నా కాగితంలో షెహాతా పేరు చదివి, నీ తమ్ముడేం చేస్తుంటాడురా అనడిగాడు. పడవల పని నేర్చుకుంటున్నాడు, నాకంటే చెయ్యి మంచిదన్నాను. ఎవరైనా అడిగితే నువ్వూ అమ్మా ఇంకోలా చెప్పకండి, నా వీపు పగులుద్ది."